బీగంచెవి ఫ్రాన్సులో ఉంది

ఫ్రాన్సు నేను చూడలేదు. చూడాలనే కోరికా ఇప్పుడు లేదు. కానీ ఆ దేశంలో ఒక కొండ ఊరి నుంచి సరస్సు ఒడ్డున ఉన్న ఇంకో ఊరికి సైకిలు మీద ఎలా పోవాలో ఎవరైనా అడిగితే కళ్లు మూసుకొని చెప్పగలను. ఊరు దాటగానే గోధుమ చేల పక్క నుంచి సన్నని దారి. రాతి వంతెన దగ్గర ఎడమకు తిరగాలి. అక్కడి నుంచి చెట్ల నీడలో ఎక్కుడు మొదలవుతుంది. మెల్లగా పోవాలి, ఆయాసపడకూడదు. పైన చిన్న చర్చి, దాని గోడకు ఆనుకొని రాతి తొట్టి, అందులో ఎప్పుడూ పారే ఊట నీళ్లు. ఆవులూ అవే తాగుతాయి, మనుషులూ అవే తాగుతారు.

ఇదంతా నేను నేర్చుకున్నది కువైట్‌లో. కిటికీలన్నిటికీ వెండి కాగితం అంటించిన ఒక చీకటి గదిలో, బయట ఇరాక్ సైనికుల బండ్లు తిరుగుతున్నప్పుడు.

నాది కడప జిల్లా. నన్ను కువైట్‌కు తీసుకుపోయింది మా అక్క. బావ చనిపోయాక అక్క అక్కడికి పోయి, సల్వాలో ఒక ఇంట్లో పనికి కుదిరింది. వంట నుంచి ఇంటావిడ కాళ్లు పిసికేదాకా అన్నీ అక్క చేతి మీదుగానే జరిగేవి. ఇంటావిడను అక్కడ పనివాళ్లందరూ మామా అనే పిలుస్తారు. ఆ మామాను బతిమాలి, ఆమె భర్త పేరు మీద నాకూ వీసా తీయించింది. కాగితాల ప్రకారం నేను ఆ ఇంటి తోటమాలిని. ఆ ఇంట్లో తోట లేదు. అల్ రాయ్‌లో ఒక షెడ్డులో కొన్నాళ్లు టైర్లకు పంచర్లు వేశాను. తర్వాత అహ్మదిలో ఒక ఫ్రెంచి ఇంజనీరు ఇంట్లో వంటకు చేరాను. దేశంలో ఉండనిచ్చే కాగితాన్ని ఇఖామా అంటారు, దానికి పూచీ ఉన్న యజమాని కఫీల్. అక్కకూ నాకూ ఒకడే కఫీల్. మా ఇద్దరి పాస్‌పోర్టులూ ఆయన ఇనప్పెట్టెలోనే ఉండేవి. అక్క మీద ఏదైనా కేసు పడితే నా ఇఖామా కూడా పోతుంది. ఒకే పలుపుకు కట్టిన రెండు మేకల్లాగా బతికేవాళ్లం.

మా ఫ్రెంచి సారుకు యాభై దాటి ఉంటాయి. పెళ్లాం లేదు, పిల్లలు లేరు, సైకిలు ఉంది. ఆ సైకిలును ఇంట్లోనే, పడక గదిలోనే పెట్టుకునేవాడు. ఆయన కాళ్లు చూసి మొదటి వారం నాకు నవ్వు ఆగలేదు. నున్నగా గీసుకునేవాడు. మా ఊళ్లో ఆడవాళ్లు కూడా కాళ్లు గీసుకోరు, ఈయనకేం పుట్టింది అనుకున్నాను. సైకిలు పందేలవాళ్లు అలాగే చేస్తారట. కింద పడితే గాయం కడుక్కోవడం తేలికట. శుక్రవారం తెల్లవారుజామున అహ్మది గట్టు ఎక్కేవాడు. ఆ చుట్టుపక్కల ఎత్తు అనదగింది ఆ గట్టు ఒక్కటే. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. కాపలావాళ్లు చూసి నవ్వుకునేవాళ్లు. ఇంటికొచ్చి చెమట తుడుచుకుంటూ, ఇది కొండ కాదు, నేల మీద చిన్న వాపు అనేవాడు. ఆయన మాటలు సగం ఇంగ్లీషు, సగం చేతులు. నాకు తెలిసిన తెలుగులో రాస్తున్నాను.

ఆయన గది గోడకు పెద్ద పటం ఒకటి ఉండేది. వాళ్ల కొండ ప్రాంతం దారుల పటం. ఎర్ర గీతలు పెద్ద రోడ్లు, లారీలవి. పసుపువి కార్లవి. ఏ రంగూ వేయకుండా తెల్లగా వదిలేసినవి పల్లె దారులు. ఎక్కుడు ఉన్నచోట గీత మీద చిన్న బాణం గుర్తు. రెండు బాణాలుంటే గట్టి ఎక్కుడు. నేను కూరగాయలు తరుగుతుంటే వచ్చి నన్ను లాక్కుపోయి, ఆ తెల్ల గీతల మీద వేలు పెట్టి చూపించేవాడు. "ఎప్పుడూ తెల్లదారే పట్టుకో. ఎర్రదారిలో తొందరగా పోతావు, కానీ ఏమీ చూడవు, ఎవడో ఒకడు గుద్దేస్తాడు" అనేవాడు. పొయ్యి మీద కూర మాడుతోంది సార్ అంటే వినేవాడు కాదు.

ఆ ఎండాకాలం మా అక్కావాళ్ల మామా కుటుంబం ఫ్రాన్సుకు పోయింది. ఏటా ఎక్కడో ఒకచోటికి చల్లదనానికి పోతారు. ఆ ఏడాది కొండల మధ్య సరస్సు పక్కన ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఊరి పేరు అక్కకు నోరు తిరగలేదు, నేను విని వచ్చి సారుకు చెప్తే ఆయన పటంలో చటుక్కున చూపించాడు. వాళ్ల ఊరి నుంచి తెల్లదారులు పట్టుకొని పోతే నాలుగైదు రోజుల ప్రయాణమట. వయసులో ఉన్నప్పుడు పోయాడట. ఆ మాట చెప్తూ ఆయన ముఖం వెలిగిపోయింది.

పోతూ పోతూ వాళ్లు గేటుకు బయటి నుంచి గొలుసు చుట్టి తాళం వేసి పోయారు. అక్క లోపల. ఇది ఎవరికైనా కొత్తగా అనిపిస్తే అనిపించవచ్చు గానీ, అక్కడ మాకు కొత్త కాదు. పనిమనిషిని ఇంట్లో పెట్టి తాళం వేసి ఊరికి పోయే ఇళ్లు ఉండేవి. ఇల్లు భద్రం, మనిషీ భద్రం అని వాళ్ల లెక్క. వంటగది, వెనక వరండా, పనిమనిషి గది అక్కకు వదిలారు. హాలుకూ పై గదులకూ వేరే తాళాలు. ఫోను హాల్లో ఉంది. బియ్యం, పప్పు, పిండి, నూనె వాళ్లు తిరిగొచ్చేదాకా చాలేంత పెట్టి పోయారు. మామా చెడ్డ మనిషి కాదు. నాకు అదే మంట. చెడ్డ మనిషైతే అక్క మొదటి రోజే గోడ దూకేది.

వాళ్లు పోయిన కొద్ది వారాలకే ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది.

ఆ తెల్లవారుజామున నేను ఖుబూస్ రొట్టెల కోసం బయటికి వచ్చి, రోడ్డు నిండా ట్యాంకులు పోతుంటే ఏదో కవాతు అనుకొని నిలబడి చూశాను. నాకు అర్థమయ్యేసరికి పొద్దెక్కింది. కొన్ని రోజులకు పశ్చిమ దేశాలవాళ్లను పట్టుకొని, బాంబులు పడే అవకాశం ఉన్నచోట్లకు తరలిస్తున్నారని తెలిసింది. సారు పై గదిలో దాక్కున్నాడు. ఇద్దరం కలిసి కిటికీలకు వెండి కాగితం అంటించాం. కింద నేను ఒక్కణ్ణే ఉన్నట్టు, ఇంటాయన వదిలేసి పారిపోయినట్టు నటించాలి. సైనికులు వచ్చి టీవీ పట్టుకుపోయారు, ఫ్రిజ్జు పట్టుకుపోయారు, నా చెప్పులు కూడా పట్టుకుపోయారు. పైకి మెట్లెక్కడానికి ఆ రోజు ఎవరికీ ఓపిక లేదు.

నాకు తిండి సహించడం మానేసింది. అక్క ఆ గేటు వెనక ఉంది. సైనికులు ఖాళీ ఇళ్లను వీధి తర్వాత వీధిగా ఊడ్చేస్తున్నారు. బయటి నుంచి తాళం వేసిన గేటు వాళ్లకు రండి అని పిలిచే బోర్డు. ఊళ్లో తిరిగే బస్సులు లేవు, టాక్సీలు లేవు. నా అవస్థ చూసి సారు తన సైకిలు తీసుకొమ్మన్నాడు. ఆ సైకిలుతో వీధిలోకి పోతే మొదటి మలుపులోనే లాక్కుంటారు సార్ అన్నాను.  ఆయన మోటారు నూనె, బూడిద కలిపి, మెరిసే ఆ నీలిరంగు మీద తన చేతులతోనే పూశాడు. సీటుకు గోనెపట్టా చుట్టాడు. వెనకకు ఒక తుప్పు డబ్బా కట్టాడు. అంత చేసి, గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. సైకిలు కోసం ఏడ్చే మనిషిని నేను అదే చూడడం.

అహ్మది నుంచి సల్వాకు పెద్ద రోడ్డు తిన్నగా పోతుంది. దాని మీద అడుగడుగునా తుపాకులు. సారు నాకు కువైట్ పటం లేకుండానే చెప్పాడు. ఇక్కడ కూడా తెల్లదారులు ఉంటాయి, వెతుక్కో. వెతుక్కున్నాను. నూనె గొట్టాల పక్కన కాలిబాట, కరెంటు స్తంభాల కింద ఇసుక దారి, ఇళ్ల వెనక చెత్త బండ్లు తిరిగే సందులు. గట్టు దిగేటప్పుడు తొక్కాల్సిన పని లేదు, సైకిలు దానంతటదే పోతుంది. ఆ కొద్దిసేపు ముఖానికి గాలి తగులుతుంటే హాయిగా ఉండేది. అంత నాశనంలో ఆ హాయి ఏమిటని నా మీద నాకే కోపం వచ్చేది. ఎక్కడైనా సైనికుడు ఆపితే "హిందీ" అనేవాణ్ణి. ఇండియావాణ్ణి అని అర్థం. మురికి సైకిలునూ నన్నూ పైనుంచి కిందికి చూసి పొమ్మని చెయ్యి ఊపేవాడు. కూలివాడు ఎవరి కంటికీ ఆనడు. ఆ రోజుల్లో మాకు పనికొచ్చింది అదొక్కటే.

గేటు ఇనప రేకుది. కింద మాత్రం జానెడు సందు. నేను నేల మీద బోర్లా పడుకుంటే అక్క పాదాలు కనిపించేవి. అక్కా అని పిలవగానే ఆమె కూడా అవతల పడుకునేది. సందులో ఆమె చేతివేళ్లు, ఒక చెంప కనిపించేవి.

"ఏంరా నాయనా, అన్నం తిన్న్యావా?" అనేది. ప్రపంచం మునిగిపోతున్నా ముందు ఆ మాటే.

"నా అన్నం సంగతి ఇడిసిపెట్టక్కా. తాళం పగలగొడతా, బయటికి రా. మనోళ్లంతా బస్సులెక్కి బస్రా మింద పోతాండారు. పాస్‌పోర్టు ల్యాకపోయినా ఎంబసీవాళ్లు కాగితం రాసిస్తాండారంట."

"ఒరే, ఊరకుండు. మామా రాకుండా గేటు దాటితే పారిపోయిందని కేసు పెడతారు."

"ఎవురక్కా పెట్టేది? ఈడ పోలీసులు యాడుండారు? వాళ్ల రాజే పారిపాయ!"

"ఇయ్యాల ల్యాకుంటే రేపొస్తారు. నా మింద కేసు పడితే నీ ఇఖామా కూడా పాయ. నిన్ను జైల్లో ఏస్తే నేను అమ్మకు ఏం సెప్పల్ల? ఆ బీగం మింద సెయ్యేస్తే నన్ను సంపుకున్నట్టే. నా మింద ఒట్టు."

ఆ మాట బయటివాళ్లకు పిచ్చిమాటలా ఉంటుంది. దేశమే పోయింది, ఇంకా కఫీలేమిటి, కేసేమిటి అంటారు. కానీ అక్కడ పనిచేసిన మాలాంటివాళ్లను అడగండి. రాజు పోతాడు, పోలీసు పోతాడు, కఫీల్ అంటే ఉండే భయం పోదు. పారిపోయిన పనిమనిషి అని పేరు పడితే ఏమవుతుందో అక్క కళ్లారా చూసింది. నేనూ చూశాను. అందుకే ఆమెను గట్టిగా తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు. పైగా ఒట్టు పెట్టింది. మా ఇంట్లో అక్క ఒట్టు పెడితే మా నాన్న కూడా దాటేవాడు కాదు.

ఒక రోజు తనే అడిగింది. "మీ సారు మామా వాళ్లు పోయిన దేశమాయనే గదా? ఆడ ఆయన మనుషులు ఉంటారు గదా? పోయి మామాను అడిగి బీగంచెవి తెమ్మనరాదా? ఆమె పొమ్మంటే నేను పోతా."

తాళంచెవి నిజంగానే ఫ్రాన్సులో, మామా చేతిసంచిలో ఉంది. నేను ఇంకేం చెప్పగలను? సరే, సారు తమ్ముడు ఉండాడు, ఆయన బయల్దేరినాడులే అన్నాను. అక్క ముఖం నాకు పూర్తిగా కనిపించలేదు గానీ, వేళ్లు సందులోంచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాయి.

తిరిగొచ్చి ఆ సంగతి సారుకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ఆయన దగ్గర నేల మీద పెట్టుకొనే ఇనప చట్రం ఒకటి ఉండేది. మూడు గొట్టాలు అడ్డంగా ఉంటాయి, వాటి మీద సైకిలు నిలిపి తొక్కితే చక్రాలు తిరుగుతాయి, సైకిలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పొద్దున సైకిలు నాది, మధ్యాహ్నం ఆయనది. ఆ మధ్యాహ్నం దాని మీదెక్కి, తమ్ముణ్ణి నేనే, బయల్దేరదాం అన్నాడు. చీకట్లో తొక్కుతూ దారి చెప్పడం మొదలుపెట్టాడు. గోధుమ చేలు, రాతి వంతెన, చెట్ల కింద ఎక్కుడు. పటంలో బాణం ఉన్నచోటికి రాగానే నిజంగానే ఊపిరి బరువయ్యేది, పళ్లచక్రం మార్చేవాడు, సీటు మీంచి లేచి తొక్కేవాడు. దిగుడు దగ్గర తొక్కడం ఆపి, గోడకు చెయ్యి ఆనించి ఊరికే కూర్చొని కళ్లు మూసుకునేవాడు. నేను మూలన కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరేవాణ్ణి. ఇదేం పిచ్చి, మనిషికి మతి పోతోందా అని మొదట భయపడ్డాను. రెండో రోజు నుంచి ఆ దారి కోసం నేనే ఎదురుచూశాను.

విన్నదంతా తీసుకుపోయి గేటు సందులోంచి అక్కకు చెప్పేవాణ్ణి.

"యాడికొచ్చినాడు రా?"

"కొండ ఎక్కుతాండాడు. పైన చర్చి ఉందంట. ఊట నీళ్లు తాగి కూసున్యాడు."

"కొండంటే? మన గువ్వలచెరువు ఘాటు మాదిరా?"

"అంతకంటే పచ్చగుంటుందంట. ఆవుల మెడలకు గంటలు కట్టింటారంట. ఆ గంటల సద్దు తప్ప ఇంకేం ఇనపడదంట."

"ఘాటు మింద పాలకోవా అమ్ముతారా ఆడ?"

"జున్ను అమ్ముతారంట."

"సైకిలు మింద ఎన్నాళ్లకు పోతాడు రా! కారులో పోరాదా ఆయన?"

పెద్ద రోడ్ల మీద పోతే ఆపుతారక్కా, చిన్నదారుల్లో పోతాండాడు అన్నాను. ఆమెకు అది వెంటనే అర్థమైంది. ప్రపంచంలో ఎక్కడైనా పెద్ద రోడ్డు మీద తుపాకీ పట్టుకొని ఎవడో ఒకడు ఉంటాడని మాకు అప్పటికి బాగా తెలుసు. "అయితే మెల్లగానే పోనీలే, జాగ్రత్తగా పొమ్మను" అంది. తన దగ్గర పిండి అయిపోవస్తోందని నాకు చెప్పలేదు. రొట్టె ముక్క ఒకటి సందులోంచి తోసి తినమనేది. ఆమె కోసం నేను తీసుకుపోయినదాంట్లోంచే.

నిజం చెప్పాలంటే మాలో ఎవరికీ నమ్మకం లేదు. సారుకు తాను బయటపడతాననే ఆశ పోయింది. తొక్కి దిగాక తలుపు వెనక కూర్చొని గంటలకొద్దీ మెట్ల చప్పుడుకు చెవి ఒగ్గేవాడు. నాకు అక్క గురించి తప్ప ఇంకే ఆలోచనా లేదు, ఆ ఆలోచనకు దారీ లేదు.  అహ్మది గట్టు ఎక్కుతూ ఎన్నిసార్లు సైకిలు పక్కన పడేసి ఇసుకలో కూలబడ్డానో. దేవుణ్ణి తిట్టాను, మామాను తిట్టాను, పుట్టిన ఊరిని తిట్టాను. ఎవరూ పలకలేదు.

సల్వాలో అక్కావాళ్ల వీధికి పక్క వీధి ఖాళీ అయింది. తలుపులు, కిటికీలు కూడా ఊడదీసి లారీలకు ఎత్తారు. ఆ రోజు నేను వచ్చి చెప్పగానే సారు సైకిలెక్కాడు. మిగిలిన దారంతా ఒక్క పూటలో తొక్కేశాడు. దారి చెప్పడానికి కూడా ఊపిరి చాలలేదు. చివరి ఎక్కుడు, చివరి మలుపు, కింద నీలంగా సరస్సు. దిగి, గోడకు చెయ్యి ఆనించి, చేరాను అన్నాడు. మీ అక్కావాళ్ల మేడం వరండాలో కూర్చొని ఉంది. అడిగాను, ఇచ్చింది అంటూ సొరుగులోంచి ఒక తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. పాతకాలపు బరువైన ఇనప తాళంచెవి.

నాకు ఒళ్లు మండింది. ఇది ఆటలాడే సమయమా సార్ అని అరిచాను. ఆయన నా భుజాలు పట్టుకొని కూర్చోబెట్టాడు. "నీ మాట మీ అక్క వినదు. మేడం మాట వింటుంది. ఇది మేడం పంపిందని చెప్పు. తాళంలో తిప్పినట్టు చెయ్యి, తుప్పు పట్టి తిరగడం లేదను, ఆ తర్వాత పగలగొట్టు" అన్నాడు. అది ఫ్రాన్సులో తన ఇంటి తాళంచెవి అని, తనకు ఇప్పుడప్పుడే అవసరం రాదని కూడా అన్నాడు. గొలుసు తెంపే పెద్ద కత్తెర తన పనిముట్ల పెట్టెలోంచి ఇచ్చాడు. ఈ ఉపాయం ముందే ఎందుకు తోచలేదని ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

మర్నాడు తెల్లారకముందే బయల్దేరాను. ఆ రోజు తొక్కినట్టు నేను ఎప్పుడూ తొక్కలేదు. ఏం చెప్పాలో దారి పొడుగునా వల్లె వేసుకున్నాను. మామా బాగుంది, నిన్ను అడిగింది, ఇల్లు వదిలి పొమ్మనింది.

వీధి మలుపు తిరిగాను. గేటు తెరిచి ఉంది. గొలుసు తెగి నేల మీద పడి ఉంది. నేను సైకిలు ఎక్కడ వదిలానో గుర్తు లేదు. హాల్లో తివాచీ లేదు, దీపాలు లేవు, గోడల్లోంచి తీగలు వేలాడుతున్నాయి. ఇనప్పెట్టెను పెట్టెగానే పెకలించుకుపోయారు, మా పాస్‌పోర్టులతో సహా. వంటగది కుళాయి కూడా లేదు. అక్కా అని పిలుస్తూ వెనక్కి పోయాను.

తన గదిలో, మంచం తీసుకుపోయిన చోట, మూలన కూర్చొని ఉంది. మోకాళ్లు కౌగిలించుకొని, చీర తలమీదుగా కప్పుకొని. పెదవి చిట్లి రక్తం గడ్డకట్టింది. నన్ను చూసి గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. ముందురోజు మధ్యాహ్నం వచ్చి పోయారంది. అంతకుమించి ఏం జరిగిందో ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాత ఏ రోజూ చెప్పలేదు. నేను అడగలేదు. ఎలా అడుగుతాను?

"నిన్నటి నుంచి గేటు తెరిచే ఉంది గదక్కా. ఎందుకు రాకపోతివి?" అన్నాను. ఆ ఒక్క మాట మాత్రం ఆగలేదు.

"ఎవురు రమ్మన్నారు రా నన్ను?" అంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. జేబులోంచి తాళంచెవి తీసి చేతిలో పెట్టాను.  మామా పంపింది అని మాత్రం అన్నాను. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇది ఆ గేటు తాళానిది కాదని చూసిన ఎవరికైనా తెలుస్తుంది. రోజూ ఆ ఇల్లు తుడిచిన మనిషికి తెలియదా? కానీ ఆమె దాన్ని రెండు కళ్లకూ అద్దుకుంది.

"మామా ఏమనింది?"

"పొమ్మనింది."

లేచింది. కొంగుకు తాళంచెవి ముడివేసుకుంది. గేటు బయటికి వచ్చాక ఆగి, రెక్కలు రెండూ దగ్గరికి లాగింది. తెగిన గొలుసు ఎత్తి వాటికి చుట్టింది. తాళం కోసం నేలంతా వెతికింది. అది ముక్కలై పడి ఉంది. ఇల్లు ఇట్లా ఇడిసిపెట్టి ఎట్లా పోయేది రా అని ఏడ్చింది. అప్పుడు ఏడ్చింది, మొదటిసారి.

సైకిలు నడిపించుకుంటూ, అదే సందుల్లోంచి, అక్కను అహ్మదికి తీసుకొచ్చాను. గట్టు దగ్గరికి వచ్చేసరికి ఆమె అడుగు పడడం లేదు. సారును చూపిస్తాను, అక్కా, నీకోసం ఫ్రాన్సంతా తొక్కిన మనిషి అని చెప్పి ఎక్కించాను. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. పై గదిలో వెండి కాగితం ఒక కిటికీకి చింపేసి ఉంది, గది నిండా ఎండ. గోడ మీద పటం అలాగే ఉంది. ఇనప చట్రం అలాగే ఉంది. సారు లేడు. పక్కింటి తోటమాలి, మలయాళీ, పొద్దున్నే జీపులో ఎక్కించుకుపోయారని చెప్పాడు. సైకిలును ఆ చట్రం మీద గోడకు ఆనించి నిలబెట్టి వచ్చాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

బస్సులో బస్రా, అక్కడి నుంచి ఎడారి మీదుగా జోర్డాన్ సరిహద్దు, గుడారాలు, నీళ్ల కోసం తోపులాటలు, విమానం. వాటి గురించి చాలామంది చెప్పారు, నేను చెప్పేదేమీ లేదు.  అక్క ఆ దారంతా కొంగు ముడి వదల్లేదు.

ఊరికి వచ్చాక నా దగ్గరే ఉంది. గొలుసు లేదు, గేటు కూడా లేదు మా ఇంటికి. అయినా గడప దాటాలంటే నా వైపో మా ఆవిడ వైపో చూసేది. "అంగడికి పోయొచ్చునా?" అని అడిగేది. ఎదురుగా కనపడే అంగడి. పో అక్కా, నన్ను అడగడమేంది అని కసిరితే, పోకుండా లోపలికే పోయేది. పో అని నెమ్మదిగా చెప్తేనే పోయేది. ఎంతమంది డాక్టర్లకు చూపించినా, ఎన్ని తాయెత్తులు కట్టించినా మారలేదు. కసిరినందుకు తిండి మానేసేది. చివరికి మా ఇంట్లో అందరం ఆమె అడగకముందే, పో అక్కా, పో అత్తా అని చెప్పడం అలవాటు చేసుకున్నాం.

యుద్ధం అయిపోయింది. మనవాళ్లు మళ్లీ కువైట్‌కు పోవడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి అక్కకు కొత్త బెంగ పట్టుకుంది. తాళంచెవిని చింతపండుతో తోమి, పైట కొంగుతో తుడిచి నా ముందు పెట్టేది.

"మామా వాళ్లు వచ్చింటారు రా. బీగంచెవి మన దగ్గర ఉండిపాయ. పిల్లోళ్లతో ఎండలో గేటు ముందర నిలబడింటారు. లోపలికి ఎట్లా పోతారు?"

ఆ బీగమే లేదక్కా, ముక్కలై పడింది నువ్వే చూసినావు గదా అంటే వినేది కాదు. వేరేది చేయించుకునింటారులే అంటే, మనం ఇచ్చిందాకా చూస్తారు రా, వాళ్లు మంచోళ్లు అనేది. కువైట్‌కు పోయే ప్రతివాణ్ణీ ఆపి ఇచ్చి పంపమని నా ప్రాణం తోడేసింది. ఆమెను ఆ ఇంట్లోంచి బయటికి తెచ్చింది ఆ ఇనప ముక్కే. ఆ ఇంటికి బతికినన్నాళ్లూ కట్టేసిందీ అదే. ఇది మామాది కాదక్కా అని ఒక్కసారి చెప్పాను.  "అయితే నన్ను పొమ్మన్యది ఎవురు?" అంది. ఆమె ముఖం చూసి భయమేసి, లేదులే అక్కా, తమాషాకన్యా, మామాదే అన్నాను.

పోయిన ఏడాది అక్క చనిపోయింది. చివరి రోజుల్లో నోట మాట సరిగా వచ్చేది కాదు. చెయ్యి ఎత్తి గడప వైపు చూపించింది. నాకు అర్థమైంది. చెవి దగ్గర వంగి, పో అక్కా అని చెప్పాను.

తాళంచెవి ఇప్పుడు నా దగ్గర ఉంది. మేము వచ్చేశాక, ఆ ఏడాదే ఫ్రెంచివాళ్లను వదిలేశారని విన్నాను. అందులో మా సారు ఉన్నాడో లేడో తెలియదు. అడగడానికి ఎవరూ లేరు. ఉండి ఉంటే, గోధుమ చేల పక్కనున్న ఊళ్లో, తన ఇంటి తలుపు ముందు నిలబడి జేబులు తడుముకొని ఉంటాడు. అక్క ఎవరో గేటు ముందు ఎండలో నిలబడి ఉన్నారని అన్నేళ్లు బెంగపడింది. అది ఆయనే అయి ఉండాలని నేను కోరుకుంటాను.